ఖరీదైన మడత చాకు నిజంగా కోస్తుందా? రోజూ జేబులో ఉండే చాకుని పరీక్షించే పద్ధతి

బాగా లావుగా ఉన్న క్యారెట్ ఒకటి తీసుకుని మీ మడత చాకుతో అడ్డంగా, తొందర లేకుండా కోయండి. సగం దాకా మెత్తగా దిగి, ఆ తర్వాత టప్పుమని రెండుగా పగిలిందా? అయితే మీ చాకు సగమే కోసింది, మిగతా సగాన్ని మేకులా చీల్చింది. అదే చాకు కాగితాన్ని సర్రున కోస్తుంది, ముంజేతి మీద వెంట్రుకలు కూడా గొరుగుతుంది. ఈ రెండూ ఒకే చాకులో ఎలా కుదురుతాయో తెలిస్తే, ఖరీదైన చాకుని అంచనా కట్టడం సగం వచ్చేసినట్టే.

నేను ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అమెరికా వచ్చిన కొత్తలో మూడు వందల డాలర్లకు పైగా పెట్టి ఒక చాకు కొన్నాను. ఎం390 అనే ఖరీదైన రకం ఉక్కు, టైటానియం పిడి, తెరిస్తే వెన్నలా జారే బేరింగులు. ఫొటోల్లో అద్దంలా మెరిసేది. ఇంట్లో యాపిల్ కోస్తే ముక్క ఎగిరి కింద పడేది. తర్వాత మందం కొలిచే కాలిపర్ పెట్టి చూస్తే కోసే అంచుకి కాస్త పైన మందం 0.9 మిల్లీమీటర్లు! తయారీదారుకి రాస్తే డిజైనే అంత, లోపం కాదు అని జవాబు వచ్చింది.

మా నాన్నగారు నూజివీడు దగ్గర తోటలో మామిడి అంట్లు కట్టేవారు. ఆయన చాకుకి పేరూ లేదు, ఊరూ లేదు. బజారులో కొన్నది, నూరి నూరి ఆకులా పల్చబడింది. లేత కొమ్మ మీద ఒక్క లాగుడుకి ఏటవాలు కోత నున్నగా వచ్చేది. కోత నలిగితే అంటు అతుక్కోదు కదా. ఆ చాకు ఉక్కు ఏ రకమో ఆయనకి తెలియదు. పల్చగా ఉండాలని మాత్రం తెలుసు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ మందానికీ, తర్వాత తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాక్‌కీ ఇస్తున్నాను. చాకు గురించి మాట్లాడేవాళ్లు ముందు ఉక్కు పేరు అడుగుతారు. నా లెక్కలో ఉక్కు మూడో స్థానం.

ఉదాహరణకి నేను మూడేళ్లుగా జేబులో పెట్టుకుంటున్న చిన్న సెబెంజా 31ని తీసుకుంటాను. దక్షిణాఫ్రికాలో పుట్టి 1989లో అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి వచ్చి స్థిరపడిన క్రిస్ రీవ్ రూపొందించిన చాకు ఇది. సెబెంజా అంటే జులూ భాషలో పని. బ్లేడు 76 మిల్లీమీటర్లు, బరువు 85 గ్రాములు. మీ దగ్గర ఉన్నది స్పైడర్‌కో కంపెనీది కావచ్చు, బెంచ్‌మేడ్ కంపెనీది కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

కొనేముందు: ఒక వారం చీటీ రాయండి

ఏడు రోజుల పాటు చాకు అవసరమైన ప్రతిసారీ ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. నా చీటీలో ఉన్నవి: పార్సిల్ పెట్టెల టేపు, అట్టపెట్టెలు విడగొట్టడం, బియ్యం బస్తా కుట్టుదారం, ప్లాస్టిక్ జిప్ టైలు, పెరట్లో డ్రిప్ పైపు, మధ్యాహ్నం యాపిల్. వీటిలో ఏ పనికీ 80 మిల్లీమీటర్లు మించిన బ్లేడు అక్కర్లేదు. పళ్లూ కూరలూ ఎక్కువగా కోసేవారికి పల్చటి పొడుగు బ్లేడు నయం. గోడౌన్‌లో పనిచేసేవారికి పొట్టిగా, మొన కిందికి వంగిన షీప్స్‌ఫుట్ రకం నయం, ఎందుకంటే పెట్టె లోపలి సరుకుకి గీత పడదు.

బరువు కూడా ఇక్కడే తేల్చుకోండి. బెంచ్‌మేడ్ బగౌట్ 52 గ్రాములు. పెద్ద సెబెంజా 133 గ్రాములు. పల్చటి కాటన్ ప్యాంటు జేబులో ఈ తేడా రోజంతా తెలుస్తుంది. ఇంట్లో వదిలేసి వెళ్లే చాకు ఎంత గొప్పదైనా నాకు పనికిరాదు.

మీరున్న చోట చట్టం

టెక్సాస్‌లో 2017 నుంచి బ్లేడు ఐదున్నర అంగుళాలు దాటితేనే కొన్ని చోట్లకి తీసుకెళ్లకూడదన్న ఆంక్షలు ఎక్కువ. కాలిఫోర్నియాలో బటన్ నొక్కితే తెరుచుకునే రకం రెండు అంగుళాలు, అంతకు మించి ఉంటే నిషేధం. బ్రిటన్‌లో తగిన కారణం చూపకుండా జేబులో పెట్టుకోవాలంటే బ్లేడు మూడు అంగుళాలకు మించకూడదు, లాక్ అసలే ఉండకూడదు. కాబట్టి లండన్‌లో ఉండేవారికి ఈ వ్యాసంలోని చాకుల్లో చాలావరకు ఇంటికే పరిమితం.

మన దేశంలో 2016 ఆయుధ నియమాలు తొమ్మిది అంగుళాలు మించిన పొడవు లేదా రెండు అంగుళాలు మించిన వెడల్పు ఉన్న బ్లేడుల్ని ఆయుధాలుగా లెక్కిస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఇంకా గట్టిది. స్ప్రింగుతోనో బటన్‌తోనో మరో యంత్ర అమరికతోనో తెరుచుకునే, మూసుకునే చాకు 7.62 సెంటీమీటర్ల పొడవూ 1.72 సెంటీమీటర్ల వెడల్పూ చేరితే దాని కిందికి వస్తుంది. విమానం క్యాబిన్‌లోకీ హైదరాబాద్ మెట్రోలోకీ చాకు తీసుకెళ్లొద్దు. నా మటుకు నేను ఊరు వెళ్లినప్పుడు ఒంటి చేత్తో తెరుచుకునే చాకుని ఇక్కడే వదిలేసి, లాక్ లేని చిన్న విక్టోరినాక్స్ స్విస్ చాకుని చెక్-ఇన్ సామానులో పెట్టుకుంటాను. సోదా చేసే పోలీసుకి అది పనిముట్టులా కనిపిస్తుంది. ఆ కనిపించడం కూడా ముఖ్యమే.

పెట్టె తెరిచాక, ఏదీ కోయకముందు

తిరిగి పంపే గడువు ఉన్నప్పుడే ఇదంతా చేయండి. ఒకసారి కోశాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.

మూసిన చాకుని మొన బయటికి వచ్చే వైపు కిందికి పెట్టి గట్టిగా విదిలించండి. బ్లేడు కాస్తయినా బయటికి వస్తే ఆ చాకు మీ జేబులో తెరుచుకుంటుంది. వెంటనే వెనక్కి పంపేయండి. తర్వాత పైనుంచి చూడండి. బ్లేడు రెండు పిడి పలకల మధ్య సరిగ్గా నడిమికి ఉందా? వెంట్రుకవాసి పక్కకు ఉంటే పట్టించుకోను. పలకకి రాసుకుంటుంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు గది లైటు ఆర్పి, బ్లేడు తెరిచి, వాదర, అంటే కోసే అంచు, పైకి ఉండేలా పట్టుకుని ఫోన్ టార్చి వేయండి. పదునున్న వాదర వెలుతురుని తిప్పి కొట్టదు, నల్లటి గీతలా ఉంటుంది. ఎక్కడైనా మెరిసే చుక్క కనిపిస్తే అక్కడ మొద్దుబారింది, లేదా పెచ్చు లేచింది.

వాదర వెనక మందం

పదును వేరు, కోత వేరు. పదును అంటే వాదర కొస ఎంత సన్నగా ఉందన్నది. సానరాయి మీద పది నిమిషాల్లో ఎవరైనా తెచ్చుకోవచ్చు. కోత అంటే ఆ కొస వెనక వచ్చే లోహం వస్తువులోకి ఎంత సులువుగా దూరుతుందన్నది. అది బ్లేడు ఆకారంలోనే ఉంటుంది, మార్చాలంటే మొత్తం బ్లేడుని పల్చన చేయాలి. కాగితం మీద పరీక్షలన్నీ పదునునే చెప్తాయి, ఎందుకంటే కాగితానికి మందం లేదు. క్యారెట్ కోతని చెప్తుంది.

ఇరవై డాలర్ల డిజిటల్ కాలిపర్ సరిపోతుంది. బ్లేడుని దగ్గరగా చూస్తే వాదర పొడుగునా రెండు వైపులా సన్నటి మెరిసే పట్టీ కనిపిస్తుంది, సానపట్టినప్పుడు ఏర్పడిన ఏటవాలు అది. ఆ పట్టీ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ మందం కొలవాలి. పిడి దగ్గర, నడిమిన, మొన దగ్గర, మూడు చోట్లా. కాలిపర్ దవడల్ని వాదర మీద లాగకండి. వెన్ను, అంటే వాదరకి ఎదుటి మొద్దు అంచు, వైపు నుంచి దించి, మెల్లగా బిగించి, అంకె చూసి, మళ్లీ పైకే తీయండి.

0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే కూరలూ అట్టలూ అద్భుతంగా కోస్తుంది, కానీ పెట్టెకున్న స్టేపుల్ పిన్ను తగిలితే పెచ్చు లేచే ప్రమాదం ఉంది. 0.4 నుంచి 0.5 రోజువారీ చాకుకి నాకు నచ్చిన చోటు. 0.6 దాటితే లావు. 0.8 అంటే డబ్బు మొద్దు ఇనుముకి ఇచ్చినట్టే. నా సెబెంజా కొన్నప్పుడు నడిమిన 0.45 ఉంది.

ఇదే కొలతతో సాన కోణం కూడా లెక్కేయవచ్చు. మెరిసే పట్టీ వెడల్పు కొలవండి. మందాన్ని పట్టీ వెడల్పుకి రెట్టింపుతో భాగించండి. వచ్చిన అంకెకి ఫోన్ కాలిక్యులేటర్‌లో విలోమ సైన్ తీస్తే ఒక వైపు కోణం వస్తుంది. మందం 0.5, పట్టీ 0.75 అనుకుంటే 0.5ని 1.5తో భాగించాలి, 0.333 వస్తుంది, అంటే సుమారు 19.5 డిగ్రీలు. ఒక్కో వైపు 17 నుంచి 20 మధ్య బాగుంటుంది. 25 వచ్చిందంటే మొదటి సాన అప్పుడే కోణం తగ్గించాలి, చాలా సమయం పడుతుంది. రెండు వైపుల పట్టీలూ ఒకే వెడల్పు ఉన్నాయో లేదో చూడటం మరిచిపోకండి. తేడా ఉంటే కోత పక్కకి లాగుతుంది.

వాదర నుంచి వెన్ను దాకా బ్లేడు ఎలా లావెక్కుతుందన్నది తర్వాతి విషయం. సెబెంజాది హాలో గ్రైండ్. అంటే మంగలి కత్తిలా రెండు పక్కలా లోపలికి గుంటగా తీస్తారు. వాదర దగ్గర చాలా పల్చగా ఉంటుంది, కానీ గుంట అయిపోయి భుజం వచ్చేచోట హఠాత్తుగా లావెక్కుతుంది. అందుకే నా సెబెంజా టేపునీ తాడునీ గాలిలా కోస్తుంది, పెద్ద క్యారెట్‌ని మాత్రం చివర్లో కాస్త పగలగొడుతుంది. స్పైడర్‌కో పారా మిలిటరీ 2ది వెన్ను నుంచి వాదర దాకా ఏకవాలుగా దిగే ఫ్లాట్ గ్రైండ్. లోతు కోతల్లో అదే మేలు. ఇంత డబ్బు పెట్టాక కూడా నా చాకు గురించి ఇది చెప్పాల్సిందే.

లాక్

ఇక్కడ తప్పు జరిగితే పోయేది వేళ్లు. నింపాదిగా చేయండి, తోలు గ్లౌజు వేసుకోండి.

ముందు మీ లాక్ ఏ రకమో గుర్తించండి. లైనర్ లాక్‌లో పిడి లోపలి సన్నటి రేకు బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే దాని అడుగు కొస, వెనక్కి వచ్చి ఆపుతుంది. ఫ్రేమ్ లాక్‌లో ఆ పని పిడి పలకే చేస్తుంది, క్రిస్ రీవ్ సెబెంజాతో తెచ్చిన పద్ధతి ఇది. ఈ రెండింటిలో మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలో ఉంటుంది. బెంచ్‌మేడ్ 1998లో తెచ్చిన యాక్సిస్ లాక్‌లోనూ, స్పైడర్‌కో కంప్రెషన్ లాక్‌లోనూ వేళ్లు దారిలోకి రావు. పిల్లలున్న ఇంట్లో, హడావిడి పనిలో ఇది చిన్న విషయం కాదు.

ఫ్రేమ్ లాక్ అయితే తెరిచి వెనక నుంచి చూడండి. లాక్ పలక బ్లేడు మడమ వెడల్పులో ఎంతదాకా వచ్చింది? కొత్త చాకులో పావు నుంచి సగం దాకా ఉండాలి. కొస మీద మాత్రమే ఆనుకుంటే జారుతుంది. అప్పుడే అవతలి అంచుకి చేరితే అరగడానికి చోటు లేదు. టైటానియం ఉక్కుకి అంటుకుపోయే గుణం ఉన్న లోహం. నేరుగా ఆనిస్తే లాక్ బిగుసుకుపోయి, తీయడానికి గోరు నొప్పి పుడుతుంది. అందుకని మంచి తయారీదారులు ఆనే చోట ఉక్కు ముక్క బిగిస్తారు. సెబెంజా 31లో సిరామిక్ గోళీ పెట్టారు.

తర్వాత కదలిక. ఎడమ చేత్తో పిడి, కుడి చేతి రెండు వేళ్లతో బ్లేడుని మొన దగ్గర వెన్ను వైపు నుంచి పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టిక్కుమన్నా, కదిలినా అది లాక్ లోపం, స్క్రూ బిగిస్తే పోదు. పక్కలకి కదిలితే చాలాసార్లు పివట్, అంటే బ్లేడు తిరిగే ఇరుసు, స్క్రూ కాస్త బిగిస్తే సర్దుకుంటుంది.

చివరిది భారం పరీక్ష. పిడిని రెండు పక్కలా మాత్రమే పట్టుకోండి, బ్లేడు మూసుకుంటే ఖాళీ గాడిలోకే పోవాలి, ఒక్క వేలు కూడా ఆ దారిలో ఉండకూడదు. వెన్నుని చెక్కబల్ల అంచుకి ఆనించి మెల్లమెల్లగా బరువు పెంచుతూ నొక్కండి. తర్వాత నాలుగైదు సార్లు తేలిగ్గా తట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక చాకు మూడో తట్టుకే మూసుకుంది. అదే రోజు తిరిగి వెళ్లిపోయింది. వీడియోల్లో చేసినట్టు సుత్తిలా బాదడం మాత్రం వద్దు. ఎంత మంచి లాక్ అయినా ఆ దెబ్బలకి ఆనే చోటు పాడవుతుంది.

కొత్తవాళ్లు తరచూ పడే ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఫ్రేమ్ లాక్ చాకు తెరవబోతే బ్లేడు మొండికేస్తే, చూసుకోండి, మీ వేళ్లు లాక్ పలకనే నొక్కుతుంటాయి. ఎంత నొక్కితే బ్లేడు అంత బిగుస్తుంది. వేళ్లు కాస్త వెనక్కి జరిపితే చాలు.

ఉక్కు

క్రూసిబుల్ అనే ఉక్కు కంపెనీ 2001లో క్రిస్ రీవ్ సలహాలతో ఎస్30వి అనే చాకు ఉక్కు తెచ్చింది. తర్వాత అదే కుటుంబంలో ఎస్35విఎన్, ఎస్45విఎన్ వచ్చాయి. 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ వచ్చింది. వీటన్నిటినీ కరిగిన లోహాన్ని వాయువుతో పొడిగా చిమ్మి, ఆ పొడిని వేడిలో ఒత్తిడితో దిమ్మెగా అతికి చేస్తారు. దానివల్ల కార్బైడ్లనే గట్టి రవ్వలు చిన్నవిగా, సమానంగా పరుచుకుంటాయి.

ఎస్30విలో క్రోమియం 14 శాతం. మాగ్నాకట్‌లో 10.7 శాతమే. అయినా తుప్పుకి మాగ్నాకట్టే ఎక్కువ ఓరుస్తుంది. క్రోమియం కార్బైడ్లుగా గడ్డకట్టిపోతే తుప్పుకి అడ్డుపడదు, ఉక్కులో కరిగి ఉన్నదే కాపాడుతుంది. మాగ్నాకట్‌లో దాదాపు అంతా కరిగే ఉంటుంది. విశాఖ, కాకినాడ ఉప్పుగాలిలో, నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోయే ఇళ్లలో నేను దాన్నే ఎంచుకుంటాను.

ఈ ఉక్కుల్లోని వెనేడియం కార్బైడ్లు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ సానరాయి కంటే గట్టివి. అందుకని డైమండ్ పలక కొనండి. చాకు ఖర్చులో దాన్నీ కలిపి లెక్కేసుకోండి.

పదును ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలంటే ముందు మీరే ఒకసారి సానపట్టాలి. ఫ్యాక్టరీలో వేగంగా తిరిగే పట్టీ మీద పదును పెట్టేటప్పుడు అంచు వేడెక్కి మెత్తబడి ఉండవచ్చు, ఆ మొదటి పదునుని బట్టి తీర్పు చెప్పడం అన్యాయం. ఇప్పటికే మీకు బాగా తెలిసిన పాత చాకునీ, కొత్తదాన్నీ ఒకే పలక మీద, ఒకే కోణంలో నూరండి. ఒకే అట్టపెట్టె నుంచి అంగుళం వెడల్పు పట్టీలు కోస్తూ లెక్కపెట్టండి. పది కోతలకోసారి దుకాణం రసీదు కోసి చూడండి. కోయకుండా చింపడం మొదలైతే ఆపేయండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఉక్కు, దాన్ని వేడిచేసి గట్టిపరిచిన తీరు మీ ఇంట్లోనే తేలిపోతాయి.

అరగంట అట్టపెట్టెలు

ఆ పరీక్షే చేతికీ పరీక్ష. మధ్యలో ఆపకుండా అరగంట కోశాక అరచేయి చూసుకోండి. ఎర్రగా కందిన చోటు ఎక్కడుందో అక్కడ పిడిలోనో, జేబుకి తగిలించే క్లిప్‌లోనో లోపం ఉంది. నాకు చాలా చాకుల్లో క్లిప్ కొసే గుచ్చుకుంటుంది. తర్వాత చేతులు సబ్బు నీళ్లతో తడిపి మళ్లీ పట్టుకోండి, ముందుకి జారితే వేళ్లు వాదర మీదికి వెళ్తాయి. ఎడమచేతి వాటం వాళ్లు తమ కోసం చేసిన మోడల్ ఉందేమో ముందే అడగాలి, క్రిస్ రీవ్ కంపెనీ అలాంటివి చేస్తుంది.

విప్పి చూడటం

కొన్ని కంపెనీలు విప్పితే వారంటీ ఇవ్వవు, ముందు అది చదవండి. విప్పే వీలుంటే, పరిచిన తెల్లగుడ్డ మీద, సరైన కొలత కీతో మాత్రమే విప్పండి. స్క్రూ తల అరిగిందంటే ఇక కష్టం.

ఖరీదు ఎక్కడికి పోయిందో లోపల కనిపిస్తుంది. సెబెంజా పివట్ చుట్టూ సన్నటి ఉక్కు గొట్టం ఉంటుంది. దాని పొడుగు ఎంత కచ్చితంగా చేస్తారంటే, స్క్రూని పూర్తిగా బిగించేసినా బ్లేడు ఊగదు, బిగుసుకోదు. బిగింపు సరిచూసుకునే పనే లేదు. రెండు పక్కలా కంచు వాషర్లు. బేరింగులున్న చాకులు ఇంతకంటే వేగంగా తెరుచుకుంటాయి, కానీ ఇసుక పడితే కరకరమంటాయి. పెరట్లో, పొలంలో తిరిగేవారికి వాషర్లే మేలని నా అభిప్రాయం. తుడిచి, వాషర్‌కి ఒక్క చుక్క నూనె. ఎక్కువైతే దుమ్ము పట్టి జిగురవుతుంది.

నకిలీలు కూడా ఇక్కడే దొరికిపోతాయి. సెబెంజాకి బయటి నుంచి గుర్తుపట్టలేనంత నకళ్లు ఉన్నాయి. సగం ధరకి కొత్తది అంటే నమ్మకండి. కంపెనీ ఒప్పుకున్న డీలరు దగ్గరే కొనండి.

ఆరు నెలలకోసారి

ప్రతి సానకీ వాదర కాస్త వెనక్కి, అంటే బ్లేడు లావుగా ఉన్న వైపుకి జరుగుతుంది. అందుకే పదును పెడుతూనే ఉన్నా చాకు మునుపటిలా కోయడం లేదని అనిపిస్తుంది. ఆరు నెలలకోసారి అదే కాలిపర్ అదే మూడు చోట్ల పెట్టి అంకెలు రాసుకోండి. నా సెబెంజా మూడేళ్లలో 0.45 నుంచి 0.52కి వచ్చింది. 0.6 చేరిన రోజున బ్లేడుని పల్చన చేసే పనివాడి దగ్గరికి పంపుతాను, వేడెక్కకుండా నీళ్లు పోస్తూ నూరమని చెప్పి.